అవ్వ ముఖం మీది మచ్చలు

2006 జూన్ 11

కరీమ్ ఫొటో స్టూడియోలో కొత్త కంప్యూటర్ దిగింది. బామ్ని నుంచి ఇద్దరు అన్నదమ్ములు చచ్చిపోయిన తండ్రి ఓటరు కార్డు పట్టుకొచ్చారు. గోరంత ఫొటో. కరీమ్ దాన్ని గోడంత చేసి, ముసలాయనకు కోటు తొడిగి, వెనకాల ఏదో మంచుకొండ పెట్టి ఇచ్చాడు. బతికున్నన్నాళ్లూ గోచీ దాటి కట్టని మనిషి. కొడుకులు మురిసిపోయారు. నేను పక్కనే బెంచీ మీద కూర్చుని చాయ్ తాగుతున్నాను.

"ఫొటో లేనోళ్లు ఎవలన్న వస్తే నీ దగ్గరికే తోల్త సాంబన్నా," అన్నాడు కరీమ్, నా ముఖం చూసి. జాలి పడ్డాడన్నమాట. ఈ రోజుల్లో ఫొటో లేకుండా చచ్చేవాడెవడు?

ఒకప్పుడు సిరొంచ తాలూకాలో ఫొటో లేని పెద్దలందరికీ ముఖం ఇచ్చింది నేనే. ఊహ బొమ్మ. కొడుకును కూర్చోబెట్టి ముక్కు తీసుకోవడం, బిడ్డను కూర్చోబెట్టి కళ్లు తీసుకోవడం, చెల్లెలుంటే నుదురు. చుట్టూ ఇల్లంతా నిలబడి చెవులు పెద్దవని ఒకరంటారు, కాదని ఒకరంటారు, కొట్లాడుకుంటారు, చివరికి మూలనున్న ఏ ముసలామో ఏడుస్తుంది. ఆమె ఏడ్చిందంటే బొమ్మ కుదిరినట్టే. మెల్లకన్నుంటే తిన్నగా చేస్తాను. పళ్లు ఊడిపోతే పెడతాను. పోయినవాళ్లకు వంకలు ఉండవు. ఇది నా పని నియమం. దీన్ని తప్పుపట్టిన గడప ఇంతవరకూ లేదు.

అందరి తల్లులకూ ముఖం పెట్టినవాణ్ని, మా అమ్మకే లేదు. ఆమె పోయేనాటికి నాకు ఆరేళ్లు. ఇప్పుడామె ముఖం తెలిసిన మనిషి లోకంలో మా యాదక్క ఒక్కతే. నాకంటే పదేళ్లు పెద్ద. మొన్న రేగుంట వెళితే అక్క నాకు కాళ్లు కడుక్కోమని చెంబుతో నీళ్లిచ్చి, నేను కడుక్కున్నాక మళ్లీ నీళ్లు తెచ్చింది. "ఇప్పుడే వస్తివా తమ్మీ?" అంది. అక్క బిడ్డ త్రివేణి పక్కకు పిలిచి చెప్పింది, వాళ్లమ్మ ఈమధ్య అన్నీ మరిచిపోతోందని.

ఇక ఆగకూడదు. ఈ పెత్రామాస నాటికి, పెద్దలకు బియ్యం ఇచ్చే వేళకు, అమ్మ బొమ్మ అక్క ఇంట్లో ఉండాలి.

(రాతలో అమ్మ అంటాను, నోటితో అవ్వ అంటాను. బోర్డులు రాసిన అలవాటు. రాత ఎప్పుడూ ఉతికిన బట్టలు కట్టుకోవాలి.)

జూన్ 18

రేగుంట వెళ్లాను. అక్కను పందిరి కింద మంచం మీద కూర్చోబెట్టి, అట్ట మీద కాగితం బిగించాను.

"అవ్వ నుదురు ఎట్లుండె అక్కా?"

"నా అసొంటిదే. జర ఎడల్పు."

"ముక్కు?"

"నీదే. అవ్వ ముక్కే నీకచ్చింది. ఎడమ దిక్కు ముక్కుపుల్ల పెట్టుకుంటుండె."

ముసల్ది గదా, తడబడుతుందనుకున్నాను. ఏమీ లేదు. పొద్దున ఏం తిన్నదో చెప్పలేదు గాని, అమ్మ పాపిట ఏ వైపుకు వంగి ఉండేదో చెబుతుంది. మధ్యాహ్నానికి ముఖం తేలింది. చూస్తే నాకే కడుపు నిండింది. తెచ్చి అక్క చేతిలో పెట్టాను. దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది.

"మంచిగనే ఉన్నది. ఎవలు?"

"అవ్వ."

"అవ్వ గాదు. మచ్చలేవి?"

"ఏం మచ్చలు?"

"అమ్మోరు పోసిన మచ్చలురా. మొఖమంత ఉండె గద. ఎడమ కంటి రెప్ప సుత కిందికి గుంజి ఉండె."

"పోయినోళ్లకు మచ్చలు పెట్టరక్కా."

"ఎందుకు పెట్టరు? పోతే మచ్చలు పోతయా?"

బొమ్మ మంచం మీద పడేసి, కోళ్లకు నూకలు వెయ్యడానికి లేచిపోయింది. ఇన్నేళ్ల పనిలో నా బొమ్మను ఇలా పడేసిన మనిషి లేదు.

అమ్మకు మచ్చలు లేవు. నాకు ఆమె ముఖం గుర్తు లేకపోవచ్చు, చెంప గుర్తుంది. జ్వరంలో ఉన్నాను, నా చెంపకు తన చెంప ఆనించి ఎత్తుకుని తిప్పుతోంది. చల్లని, నున్నని చెంప. నాకు ఈ లోకంలో అన్నిటికంటే ముందు గుర్తున్న సంగతి అదే. అక్క ఎవరినో చూసి ఎవరో అనుకుంటోంది.

జూన్ 19

వాన. పని లేదు.

జూన్ 27

కరీమ్ కూతురు షబీనా నాగపూర్ నుంచి వచ్చింది. అక్కడ చిత్రకళ కాలేజీలో ఆఖరి ఏడాది. ఈ వానకాలమంతా నది ఒడ్డు ఊళ్లలో ముసలివాళ్లను బొగ్గుతో గీస్తుందట. పరీక్షకు అదే పెడుతుందట. చిన్నప్పుడు నా బ్రష్షులు కడిగిన పిల్ల. నాకు చూపించడానికి కట్ట మోసుకొచ్చింది.

చూశాను. అన్నీ ముడతలే. ఒక పడవాయన మెడ, ఒక ముసలామె చెవి తూటు సాగి వేలాడుతున్నది, బోసి నోళ్లు, పూత పడిన కళ్లు. చెయ్యి మంచి చెయ్యే, కాదనను. కాని ఆ ముసలివాళ్లు ఈమెకేం ద్రోహం చేశారని?

"గిది ఎవలన్న గోడకు పెట్టుకుంటరా బిడ్డా?"

"గోడకు గాదు చాచా. మనిషి ఎన్నేండ్లు బతికిండో మొఖం మీదనే ఉంటది గద, అది గీస్తున్న." నవ్వింది. "నీ బొమ్మలల్ల ఒక్కలు సుత ముసలోళ్లు గారు. అందరు వయసుల ఉండంగనే సచ్చిపోయినట్టుంటరు."

పిల్ల కాకికేం తెలుసు ఉండేలు దెబ్బ. కోపం రాలేదు. కోపం దేనికి? నేనే మా అక్క సంగతి చెప్పాను. ముడతలు కావాలంటే రేగుంటలో కావలసినన్ని ఉన్నాయి, తీసుకెళతానన్నాను.

జూలై 9

అనవసరంగా తీసుకెళ్లాను.

మొదటి రోజు నుంచే అక్క ఆ పిల్లతో ఒకటే ముచ్చట్లు. నా ముందు అరగంట కదలకుండా కూర్చోమంటే నడుం నొప్పి అంటుంది. షబీనా ముందు పూట పూటంతా కూర్చుంటుంది. ఆ పిల్ల గీస్తూ గీస్తూ అడుగుతుంది, ఈమె చెబుతూ పోతుంది. ఇవాళ నేను రెండో బొమ్మ పట్టుకెళ్లాను. నుదురు వెడల్పు చేశాను, ముక్కుపుల్ల దిద్దాను, రాత్రింబవళ్లు కష్టపడ్డాను. మచ్చలు పెట్టలేదు.

అక్క చూసింది. "మల్ల అదే పోరిని తెచ్చినవా?" అంది.

షబీనా తల వంచుకుంది. నవ్వు ఆపుకోవడానికే. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని ఊరికే అనలేదు. నాకు ఒళ్లు మండింది.

"నీకు మతి లేక అంటున్నవక్కా. అవ్వకు మచ్చలు లేవు. నాకు యాదికున్నది."

"ఏం యాదికున్నది?"

"చెంప. నాకు జెరమచ్చినప్పుడు ఎత్తుకున్నది. నున్నగుండె."

అక్క నా వైపు చాలాసేపు చూసింది. మతి లేని చూపు కాదది. అలా ఉంటే బాగుండేది.

"అది నా చెంపరా," అంది.

త్రివేణి బియ్యం చెరుగుతున్నదల్లా చాట ఆపేసింది.

"నీకు మూడేండ్లప్పుడు అమ్మోరు పోసింది. ఊళ్లె అందరు దూరముండుమన్నరు. అవ్వ నిన్ను ఇడిసిపెట్టలే. యాపాకులేసి పక్కల పండుకోవెట్టుకున్నది. నీకు నాలుగు పొక్కులు లేసి తగ్గినయి, ఆమెకు మొఖమంత లేసినయి. సావుదప్పి బతికింది. మంచిగైనంక నిన్ను ఎత్తుకుంటే నువ్వు బుగులుపడి ఒర్లేటోనివి. ఆమె మొఖం జూసి ఏడ్సేటోనివిరా. అందుకని నా చంకకే ఇచ్చేది. జెరమచ్చినా ఏదచ్చినా నేనే ఎత్తుకున్న. మూడేండ్లు గట్లనే గడిసినయి. ఇగ పోయింది."

అక్క మెల్లగా, నన్ను ఓదారుస్తున్నట్టు, "చిన్నోనివి, నీకేం తెలుసు," అంది.

షబీనా నా బొమ్మను చేతిలోకి తీసుకుని, అక్కను చూసి, మళ్లీ బొమ్మను చూసింది. నాకూ కళ్లున్నాయి. నుదురు, దవడ, పెదవి చివర. ఆ రెండు బొమ్మల్లోనూ నేను గీసింది పదమూడేళ్ల యాదక్కను.

సాయంత్రం బస్సుకు ఇద్దరం సిరొంచ వచ్చేశాం.

జూలై 10

అక్కకు మతి పోతోంది. అహేరి తీసుకెళ్లి డాక్టరుకు చూపించమని త్రివేణికి చెప్పాలి.

జూలై 11

త్రివేణికి చెప్పాలి. ఈ వయసులో ఏవేవో కల్పించుకుంటారు. అడిగేవాళ్లుంటే మరీ కల్పిస్తారు.

జూలై 30

అడిగేవాళ్లుంటే అని రాశాను. సరిగ్గా అదే జరిగింది. నేను వెళ్లని ఈ రోజుల్లో షబీనా ఒక్కతే రేగుంట పోయి, అక్క చెబుతుంటే గీసి, చెరిపి, గీసి, అమ్మ బొమ్మ పూర్తి చేసింది. నాకెవరూ చెప్పలేదు. త్రివేణి కొడుకును బస్సెక్కించడానికి సిరొంచ వస్తే ఆ మాటా ఈ మాటా మీద బయటపడింది.

"అమ్మ దాన్ని ఇడుస్తలేదు మామా. తలాపుకు పెట్టుకున్నది. అన్నం తినేముంగట దానికి చూపెట్టి తింటది. ముచ్చట వెడ్తది. మంచిగున్నదిప్పుడు, మొన్నటి లెక్క పరేషాన్ గాదు."

వెంటనే బస్సెక్కాను. చూడకుండా ఎలా ఉంటాను?

బొగ్గు బొమ్మ. మూరెడు కాగితం. ముందు మచ్చలే కనిపిస్తాయి, ముక్కు మీద, చెంపల మీద, గదవ దాకా, ఒకదానిలో ఒకటి కలిసిపోయి. ఎడమ రెప్ప కిందికి లాగి ఉంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు ఆమెకు. తల కాస్త పక్కకు తిప్పుకుని ఉంది. ఇది ఎవరి ఊహ అని ఆ పూట అక్కడే ఉన్న షబీనాను అడిగాను. "యాదవ్వనే చెప్పింది చాచా. ఎప్పుడు ఎవల దిక్కు సక్కగ సూడకపోతుండెనట," అంది.

అక్క నా చెయ్యి పట్టుకుని లాగింది. "సూడు తమ్మీ. గిప్పుడు సూడు. అవ్వనే." ఏడుస్తోంది. మూలనున్న ముసలామె ఏడ్చిందంటే బొమ్మ కుదిరినట్టే అని నేనే కదా చెప్పుకు తిరిగేది.

ఒక్క సంగతి ఇక్కడ రాసి పెడతాను, ఎవరికీ చెప్పను. ఆ తిప్పుకున్న తల చూడగానే, అన్నం ముద్ద నా నోట్లో పెడుతూ గోడ వైపు చూస్తున్న ఒక మనిషి గుర్తొచ్చింది. గాజులు గుర్తొచ్చాయి. ముఖం రాలేదు. ఇదంతా ఆ పిల్ల బొమ్మ చూశాక మనసు కల్పించుకున్నదే కావచ్చు. కల్పించడం నా వృత్తి.

ఆగస్టు 6

షబీనా రేపు నాగపూర్ వెళ్లిపోతోంది. వెళ్లేముందు వచ్చి చెప్పింది, యాదవ్వ దగ్గరున్న అమ్మ బొమ్మ బొగ్గుతో గీసింది కాబట్టి చెయ్యి తగిలినకొద్దీ చెదిరిపోతుందని, అద్దం కట్టించమని. "నువ్వయితే మంచిగ కట్టిస్తవు చాచా. నేను దాన్ని ఫొటో సుత తియ్యలే. అది యాదవ్వదే," అంది. పరీక్షకు పెట్టవా అంటే పెట్టనంది. ఎంత గొప్ప మనసో.

రేగుంట వెళ్లి అడిగితే అక్క ఇవ్వనంది. త్రివేణి, నేను బతిమాలితే ఒప్పుకుంది. తన పాత చీర కొంగు చింపి బొమ్మకు చుట్టింది.

"జల్ది తీస్కరా తమ్మీ. నాకు పొద్దువోదు."

"అద్దం కట్టుడే గదక్కా. వారం దినాలల్ల తెస్త."

ఆగస్టు 8

ఈ రోజు ఏ పనీ చేయలేదు.

ఆగస్టు 10

నా భార్య సుశీలాబాయికి అనుమానం ఎక్కువ. పెళ్లయిన నాటి నుంచీ అంతే.

"ఆ పిల్ల బొమ్మ మీద చెయ్యి పెట్టినవా ఏంది?"

"అద్దం కట్టేముందు దుమ్ము దులిపిన."

"దుమ్ము దులిపితే చేతులకు గంత మసి అంటుతదా?"

బొగ్గు అక్కడక్కడా చెదిరింది, అక్క చేతుల తడికి. సవరించకుండా అద్దం ఎలా కడతాను? ఎడమ రెప్ప దగ్గర మరీ చెదిరింది. అదొక్కటి సవరించాను. అంతే.

ఆగస్టు 13

అంతే కాదు.

రెప్ప దగ్గర చెదిరిన మాట నిజం. దాన్ని దిద్దుదామనే కూర్చున్నాను. దిద్దుతుంటే రెప్ప కొంచెం పైకి లేచింది. కన్ను తెరుచుకుంది. తెరుచుకున్న కన్ను ఎంత బాగుందంటే, పక్కనే ముక్కు మీద మచ్చ ఒకటి అడ్డం అనిపించింది. రొట్టె ముక్క నలిపి అద్దాను. బొగ్గు ఎంత సులువుగా పోతుందో! నూనె రంగయితే గీకాలి, నానబెట్టాలి, ఆలోగా మనిషికి బుద్ధయినా వస్తుంది. బొగ్గుకు రొట్టె ముక్క చాలు. ముక్కు అయ్యాక చెంప. చెంప ఒకటయ్యాక రెండోది వదిలితే ముఖం ఎగుడు దిగుడుగా ఉంటుంది. దూదితో నీడ పట్టాను. గదవ గుండ్రంగా తిప్పాను. నా చేతికి ఈ పని నేర్పనక్కర్లేదు. నేను ఆలోచించకపోయినా అది చేసుకుపోతుంది.

లేచి దూరంగా నిలబడి చూశాను. ఏ ఇంటి గోడకైనా పెట్టదగ్గ బొమ్మ.

ఎవరి బొమ్మో చెప్పనక్కర్లేదు. మళ్లీ అదే పోరి.

ఇదంతా కావాలని చేశానా? కాదు. కావాలని చేసి ఉంటే కొంచెం నయం, ఎందుకు చేశావని నన్ను నేను తిట్టుకోవచ్చు. అమ్మ ముఖం మీద ఆ మచ్చలు నా వల్ల పడ్డాయి. ఆమె ముఖం చూసి ఏడ్చి మూడేళ్లు ఆమెను గోడకు తిప్పింది నేను. అవి అక్కడుండగా ఆ బొమ్మతో ఒక గదిలో కూర్చోలేకపోయాను. అది నిజం. నా పని నియమం అదీ ఇదీ అన్నీ కబుర్లు.

ఆగస్టు 20

మచ్చలు మళ్లీ పెట్టాలని చూశాను. బొగ్గు చెక్కి, వేలితో అద్ది, గోటితో అద్ది. మచ్చలు రావడం లేదు. ముగ్గు చుక్కల్లా వస్తున్నాయి, వరసగా, ఒద్దికగా. ఇన్నేళ్లలో ఒక్క ముఖం మీద ఒక్క మచ్చ పెట్టినవాణ్ని కాదు కదా. తుడిచేశాను. కాగితం నూగు లేచింది. ఇంకోసారి తుడిస్తే చిల్లు పడుతుంది.

ఆగస్టు 27

కరీమ్ దుకాణం నుంచి షబీనాకు ఫోన్ చేశాను. బొమ్మ వానకు తడిసిందని చెప్పాను. ఇంకొకటి గీసి పంపమన్నాను.

"తడిసిందా చాచా?" అంది. నమ్మలేదు.

"మల్ల గియ్యరాదా బిడ్డా? నీ చేతిల పనే గద."

"నేను సూసి గీసింది గాదు చాచా. యాదవ్వ చెప్తుంటే గీసిన. గీటు గీటుకు ఆమెనే చెప్పింది. గీడ కూసోని నాకెట్ల వస్తది? నువ్వు యాదవ్వనే అడుగు. ఆమె చెప్తది."

అదీ నిజమే. అక్క చెబుతుంది. మచ్చలేవీ అని మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉంది కదా. ఈసారి నోరు మూసుకుని, ఆమె ఎక్కడంటే అక్కడ పెడతాను. రెప్ప ఎంత లాగమంటే అంత లాగుతాను. కాళ్లు పట్టుకుని జరిగింది చెబుతాను. తిడుతుంది. తిట్టనీ. తిట్టాక చెబుతుంది.

ఎల్లుండే వెళతాను.

సెప్టెంబర్ 3

వెళ్లలేదు. వాగు పొంగింది.

త్రివేణి కబురు పంపింది, వాళ్లమ్మ బొమ్మ కోసం సతాయిస్తోందని. అద్దం చామోర్షి నుంచి రావాలని చెప్పి పంపాను.

సెప్టెంబర్ 9

వాగు తగ్గింది. బస్సులు నడుస్తున్నాయి. నడుం నొప్పిగా ఉంది.

సెప్టెంబర్ 15

అక్కకు జ్వరం వచ్చి తగ్గిందట. తగ్గాక నిన్న త్రివేణిని, "నువ్వెవ్వలి బిడ్డవు?" అని అడిగిందట. కబురు తెచ్చినతను నవ్వుతూ చెప్పాడు. ముసలివాళ్ల మరపు మనకు నవ్వులాట.

సుశీలాబాయి అంది, "ఇంకెప్పుడు పోతవు? ఆమె కాడ ఉన్నదంత అయిపోయినంకనా?"

పెత్రామాస నాడు పోతాను. బియ్యం ఇవ్వడానికి ఎలాగూ పోవాలి.

సెప్టెంబర్ 22. పెత్రామాస

ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున బస్సుకు వెళ్లాను. అద్దం కట్టిన బొమ్మను చీర కొంగులో చుట్టి చంకన పెట్టుకున్నాను. సంచిలో కొత్త కాగితం, అట్ట, బొగ్గు. ముందు ఈ బొమ్మ చూపించి తప్పు ఒప్పుకోవాలి, తర్వాత కూర్చోబెట్టి చెప్పించుకోవాలి. దారంతా అదే అనుకుంటూ పోయాను.

రేగుంటలో ఆడపిల్లలు గునుగు పూలు, తంగేడు పూలు మోపులు మోపులుగా తెస్తున్నారు, సాయంత్రం బతుకమ్మకు. త్రివేణి వాకిట్లోనే ఎదురొచ్చింది. "పొద్దుగాల్నుంచి మంచిగనే ఉన్నది మామా," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్క మంచం మీద కూర్చుని ఉంది. తలకు నూనె రాసి దువ్వారు. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు వచ్చినవాళ్లందరికీ నవ్వే నవ్వని తర్వాత తెలిసింది. ఇద్దరి తరఫునా అయ్యవారికి బియ్యం ఇచ్చాం. త్రివేణి అక్క చేత చెయ్యి ఆనిపించింది. అయ్యవారు వెళ్లాక, కొంగు విప్పి బొమ్మ అక్క ఒడిలో పెట్టాను.

చూసింది. వేలితో అద్దం మీద తడిమింది. నేను నేల మీద, ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, "అక్కా, నేనొక తప్పు చేసిన," అని మొదలుపెట్టాను.

ఆమె వినడం లేదు.

"అవ్వ," అంది.

నాకు అర్థం కాలేదు.

"అవ్వనే. మా అవ్వ. ఎవలు తెచ్చిండ్రు త్రివేణీ? ఎంత సక్కగున్నది సూడు." అద్దాన్ని కళ్లకద్దుకుంది, ముద్దు పెట్టుకుంది. ఏడ్చింది.

త్రివేణి నా వైపు చూసింది. ఆమె రోజూ చూసిన బొమ్మ. ఆమెకు తెలిసిపోయింది.

జూన్ నుంచీ నేను అడుగుతున్న మాట అది. మా అక్క ఆ మాట అంటే చాలనుకున్నాను. అన్నది. నా చేతి పనే చూసి అన్నది.

"కాదక్కా. సక్కగ సూడు. మచ్చలేవి?"

"ఏం మచ్చలు?"

"అమ్మోరి మచ్చలక్కా. మొఖమంత ఉండె అంటివి గద. ఎడమ రెప్ప కిందికి గుంజి ఉండె అంటివి." సంచిలోంచి కాగితం తీశాను. బొగ్గు తీశాను. "చెప్పక్కా, నువ్వు చెప్పు, నేను గీస్త. ముక్కు మీద ఎన్ని ఉండె? గీడ ఉండెనా? గీడనా? నన్ను పక్కల పండుకోవెట్టుకుంటే ఆమెకు లేసినయి. నువ్వే చెప్పినవు."

అక్క బొమ్మను రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. ముఖం ఎర్రబడింది. ఆమెకు అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"మా అవ్వకు మచ్చలున్నయంటవా? మా అవ్వ మొఖం మీద మచ్చ పెడ్తవా? కండ్లు పోతయిరా నీకు! మా అవ్వ అసొంటి అందగత్తె ఈ తాలుకల లేకుండె. ఎవడవురా నువ్వు? ఎవలింట్లకచ్చి ఎవల్ని అంటున్నవు?"

"నేనక్కా. సాంబన్ని."

"ఎవల సాంబడు? మా సాంబడు మూడేండ్ల పిల్లగాడు. త్రివేణీ, ఈని బయటికి ఎళ్లగొట్టు. మా అవ్వను ఏడిపియ్య వచ్చిండు."

ఇంకా ఏదో అంటూనే ఉంది. త్రివేణి నా రెక్క పట్టుకుని లేపింది. "ఇప్పుడద్దు మామా. రా, బయట కూసో." కింద పడిన బొగ్గు ముక్కలు ఏరి నా సంచిలో వేసింది. వాకిట్లో కుర్చీ వేసి, చాయ్ తెచ్చిచ్చింది. లోపల అక్క బొమ్మతో మాట్లాడుతోంది, వాడు పోయిండులే అవ్వా, మల్ల రాడు, అంటోంది.

చాయ్ తాగి, నాలుగు గంటల బస్సుకు వచ్చేశాను.